కొలిమి తిత్తీ, జీపు ఇంజనూ

మేము కొండ కమ్మర్లం. పాడేరు మన్యంలో నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి, పార, గునపం, బాణం ములుకు, ఇనుముతో ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా కొలిమి దగ్గరికే వచ్చేవారు. కర్రు సాగగొట్టించుకున్నవాళ్లు అప్పటికప్పుడు డబ్బులిచ్చేది లేదు. పంట చేతికొచ్చాక వడ్లో, చోళ్లో, సామలో కొలిచి ఇచ్చేవారు. ఇప్పుడు వారపు సంతలో తయారైన కొడవళ్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు. పొలంలోకి ట్రాక్టరు దిగింది. చాలా ఇళ్లలో కొలుములు చల్లారిపోయాయి. మా పిల్లలు మాత్రం ఇనుమును వదల్లేదు. మెకానిక్ షెడ్లలో హెల్పర్లయ్యారు, ఆటోలు తోలుతున్నారు, జీపులు తోలుతున్నారు. మా ఇళ్లలో ఒకరిద్దరం ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి బడిపంతుళ్లమయ్యాం.

ఆదివాసీ రచయితల పుస్తకంలో పాటల గురించి, పండగల గురించి, భూమి గురించి రాయడం మామూలే. మేము ఈసారి ఇంజన్ గురించి రాస్తున్నాం. కారణం ఉంది. ఘాట్ రోడ్డు మీద రోజూ మన ప్రాణాలు మోసేది ఆ ఇంజనే. దాన్ని తోలే కుర్రాడు మనవాడే. దాని లోపల ఏం జరుగుతుందో తెలియకపోతే నష్టం మనకే, నింద కూడా మనకే. ఆ సంగతి ముందు ముందు చెబుతాం. ముందుగా మా కొలిమి తిత్తి గురించి చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తే ఇంజన్ సగం తెలిసినట్టే.

మా ఇంటి కొలిమికి రెండు తిత్తులుండేవి. రెండూ మేకతోలువి. ఒక్కో తిత్తికి వెనకవైపు పొడుగాటి నోరు, ఆ నోటి అంచులకు రెండు వెదురు బద్దలు. ముందువైపు గొట్టం, దాని కొస కొలిమి నిప్పుల్లోకి. బద్దల మధ్య చెయ్యి పెట్టి నోరు తెరుస్తూ తిత్తిని పైకి లాగితే లోపల గాలి నిండుతుంది. నోరు మూసి కిందికి నొక్కితే ఆ గాలి గొట్టంలోంచి నిప్పు మీదికి పోతుంది. ఒక తిత్తి లేస్తుంటే రెండోది దిగుతుంటుంది. గాలి తెగకూడదు.

చూడ్డానికి సులువే. చేస్తే తెలుస్తుంది. నోరు తెరవడం ఆలస్యమైతే తిత్తి బయటి గాలికి బదులు గొట్టంలోంచి వేడిని, బూడిదను లోపలికి లాక్కుంటుంది, తోలు కమురు వాసన వస్తుంది. నోరు మూయడం ఆలస్యమైతే నొక్కిన గాలి నిప్పు మీదికి పోకుండా వెనక్కి మన ముఖం మీదికే వచ్చేస్తుంది. తెరిచేదెప్పుడు, మూసేదెప్పుడు అన్నదే తిత్తి ఊదడంలో ఉన్న విద్య. మా ఇళ్లలో పిల్లలకు సుత్తి ఇచ్చే ముందు తిత్తి ఇస్తారు.

ఇప్పుడు పెట్రోలు ఇంజన్ దగ్గరికి వద్దాం. 1876లో జర్మనీలో నికొలస్ ఆటో నడిపి చూపించిన నాలుగు అడుగుల పద్ధతినే ఇప్పటికీ మన జీపులూ కార్లూ నడుపుతున్నాయి. పిస్టన్ కిందికి దిగుతూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పీలుస్తుంది. పైకి లేస్తూ దాన్ని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వకు అది మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్లీ పైకి లేస్తూ పొగను బయటికి నెడుతుంది. పీల్చేటప్పుడు ఇన్లెట్ వాల్వు తెరుచుకోవాలి. పొగ పోయేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవాలి. మిగతా సమయమంతా రెండూ మూసుకుని ఉండాలి.

ఈ వాల్వులను తెరిచి మూయించే చెయ్యి పేరు క్యామ్ షాఫ్ట్. ఒక ఇనుప కడ్డీ, దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తు బిళ్లలు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. గుడ్డు ముక్కు వాల్వును నొక్కినప్పుడు అది తెరుచుకుంటుంది, ముక్కు దాటిపోగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. ముక్కు ఎత్తుగా ఉంటే వాల్వు ఎక్కువ తెరుచుకుంటుంది. ముక్కు వెడల్పుగా ఉంటే ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. మా అయ్య చెయ్యి తిత్తి నోటి దగ్గర చేసే పనినే ఈ గుడ్డు ఇంజన్‌లో చేస్తుంది.

ఇక వాక్యూమ్ సంగతి. బండి నిలబడి ఉండి, ఎక్స్‌లేటర్ మీద కాలు లేకుండా ఇంజన్ తిరుగుతుంటే దాన్ని మెకానిక్కులు 'స్లో' అంటారు. అప్పుడు గాలి లోపలికి వచ్చే దారిని థ్రాటిల్ అనే మూత దాదాపు మూసేసి ఉంటుంది. పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. దారి ఇరుకు, పీల్పు బలం. దాంతో థ్రాటిల్‌కూ వాల్వులకూ మధ్య ఉన్న మానిఫోల్డ్ గొట్టంలో గాలి పలచబడుతుంది. బయటి గాలి ఒత్తిడి కంటే లోపలి ఒత్తిడి ఎంత తగ్గిందో దాన్నే ఇంజన్ వాక్యూమ్ అంటారు.

దీన్ని పాదరసం కొలతలో చెబుతారు. 1643లో ఇటలీలో టారిసెల్లి చేసిన పాదరసం గొట్టం ప్రయోగం మన పిల్లల పాఠంలో ఉన్నదే. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం, అంటే దాదాపు 30 అంగుళాలు. ఆరోగ్యంగా ఉన్న మామూలు పెట్రోలు ఇంజన్ స్లోలో తిరుగుతుంటే వాక్యూమ్ గేజీ 17 నుంచి 21 అంగుళాల దాకా చూపిస్తుంది. ముల్లు కదలకుండా నిలబడుతుంది. పాత మెకానిక్కులు ఆ ముల్లును చూసి, వైద్యుడు నాడి పట్టుకున్నట్టు, ఇంజన్ జబ్బు చెప్పేస్తారు.

ఈ వాక్యూమ్‌తో మనకేం పని అంటారా? మన కాలి కింద ఉన్న బ్రేకుకు పని. 1927లో బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ డెవాండ్రే ఇంజన్ వాక్యూమ్‌తో బ్రేకుకు బలం చేర్చే పద్ధతిని కనిపెట్టాడు. ఇప్పుడు బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు గుండ్రటి నల్ల డబ్బా ఒకటి కనిపిస్తుంది. అదే బూస్టర్. లోపల ఒక రబ్బరు పొర డబ్బాను రెండు గదులుగా విడగొడుతుంది. మామూలుగా రెండు గదుల్లోనూ వాక్యూమే. మనం బ్రేకు తొక్కగానే వెనక గదిలోకి బయటి గాలి వస్తుంది. ముందు గదిలో గాలి పలచన, వెనక గదిలో గాలి నిండు. ఆ తేడా పొరను ముందుకు తోస్తుంది. మన కాలి బలానికి గాలి బలం తోడవుతుంది.

ఎంత బలం? తరగతిలో పిల్లలతో లెక్క కట్టించవచ్చు. పొర వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. వాక్యూమ్ 500 మిల్లీమీటర్లు ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద 0.68 కిలోల తోపు. మొత్తం దాదాపు 213 కిలోలు. అదే వాక్యూమ్ 250 మిల్లీమీటర్లే ఉంటే 107 కిలోలు. బ్రేకు షూలు మారలేదు, ఆయిలు మారలేదు, డ్రైవరు కాలూ మారలేదు. తోడు నిలిచే గాలి మాత్రం సగానికి సగం పడిపోయింది.

ఆ వాక్యూమ్ ఎందుకు పడిపోతుంది? గొట్టం చిరిగితే పడిపోతుంది. వాల్వులు అరిగితే, నిప్పురవ్వ పడే టైమింగ్ వెనకబడితే పడిపోతుంది. ఇవన్నీ జబ్బులు. ఇంకో కారణం ఉంది, అది జబ్బు కాదు, డబ్బుపెట్టి కొనుక్కునేది. దాని పేరు పర్ఫార్మెన్స్ క్యామ్. మన కుర్రాళ్లు 'రేసింగ్ క్యామ్' అంటారు.

రేసు బండికి వేగంగా తిరిగేటప్పుడు ఎక్కువ గాలి కావాలి. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో పీల్పుకు దొరికే సమయం చాలా తక్కువ. అందుకని గుడ్డు ముక్కును వెడల్పు చేస్తారు. ఇన్లెట్ వాల్వు ముందే తెరుచుకుంటుంది, ఆలస్యంగా మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు కూడా ఆలస్యంగా మూసుకుంటుంది. పొగ పోవడం పూర్తికాకముందే పీల్చడం మొదలవుతుంది. అంటే కొంతసేపు రెండు నోళ్లూ ఒకేసారి తెరిచి ఉంటాయి. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మామూలు క్యామ్‌తో పిస్టన్ పైకొసకు చేరడానికి 12 డిగ్రీల ముందు ఇన్లెట్ తెరుచుకుని, పైకొస దాటిన 12 డిగ్రీలకు ఎగ్జాస్ట్ మూసుకుంటే ఓవర్‌ల్యాప్ 24 డిగ్రీలు. రేసింగ్ క్యామ్‌తో అటు 35, ఇటు 35 అయితే ఓవర్‌ల్యాప్ 70 డిగ్రీలు. ఇంజన్ 6000 చుట్ల మీద ఉంటే ఈ 70 డిగ్రీలు దాటడానికి సెకనులో వెయ్యోవంతులు రెండు కూడా పట్టవు. పైగా వేగంగా పోతున్న పొగ తన ఊపుతో కొత్త మిశ్రమాన్ని వెనకాలే లాక్కుంటుంది. అక్కడ ఓవర్‌ల్యాప్ మేలే చేస్తుంది. అదే ఇంజన్ 800 చుట్ల స్లోలో ఉంటే ఆ 70 డిగ్రీలకు సెకనులో వెయ్యోవంతులు 14, 15 పడతాయి. పొగకు ఊపు లేదు. ఎగ్జాస్ట్ వైపు బయటి గాలంత ఒత్తిడి, మానిఫోల్డ్ వైపు పలచన. నీళ్లు పల్లానికి పారినట్టు పొగ వెనక్కి తిరిగి మానిఫోల్డ్‌లోకి పోతుంది. పలచగా ఉండాల్సిన చోట పొగ నిండుతుంది.

రెండో నష్టం ఇన్లెట్ ఆలస్యంగా మూసుకోవడం వల్ల. పిస్టన్ కిందికొస దాటి పైకి లేస్తుంటుంది, నోరు ఇంకా మూసుకోలేదు. పీల్చిన మిశ్రమంలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మూడో నష్టం ఈ రెండింటి వల్ల వచ్చేది. పొగ కలిసిన మిశ్రమం సరిగా మండదు, ఇంజన్ ఆగిపోబోతుంది. ఆగకుండా ఉండాలని మెకానిక్ థ్రాటిల్‌ను ఇంకాస్త తెరిచి పెడతాడు. మూత తెరిస్తే గాలి వస్తుంది, వాక్యూమ్ ఇంకా పడిపోతుంది. 19 అంగుళాలు ఉండాల్సింది 12కో, 10కో వస్తుంది. మరీ పెద్ద క్యామ్ అయితే 8కి దిగుతుంది. ముల్లు నిలబడదు, వణుకుతుంది.

ఆ వణుకే మన చెవికి 'గుడ... గుడ... గుడ' అని వినిపించేది. ఇది మొదట అమెరికా రేసు బండ్లలో అలవాటైన శబ్దం. ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియోల్లో విని మన కుర్రాళ్లు కూడా మోజుపడుతున్నారు. బండి నిలబడి ఉన్నా పులి గుర్రుమన్నట్టు ఉందంటారు. మేము వాళ్ల సరదాను తప్పుపట్టడం లేదు. ఆ శబ్దంలో వినిపిస్తున్నది మాత్రం కొన్ని పీల్పులు మండడం, కొన్ని సరిగా మండకపోవడం.

మా మేనల్లుడి సంగతి ఇక్కడ చెప్పాలి. చదువు ఇంటర్‌తో ఆపేశాడు. పర్యాటకులను వంజంగి కొండ కిందికి చేర్చడం, సంత రోజున మనవాళ్లను తీసుకెళ్లడం వాడి పని. మైదానంలో ఒకరి దగ్గర పాత పెట్రోలు జీపు కొన్నాడు. అమ్మినతను ఇంజన్‌కు 'పవర్ పని' చేయించానని గొప్పగా చెప్పాడట. జీపు స్లోలో గుడగుడమంటుంటే ఊరి పిల్లలందరూ చుట్టూ చేరేవారు. బ్రేకు కొంచెం గట్టిగా ఉందని వాడు మొదటి వారంలోనే అన్నాడు. షెడ్డువాళ్లు ఆయిలు మార్చి పంపారు.

రెండు నెలల తర్వాత పాడేరు ఘాట్ దిగుతున్నాడు. జీపులో సంతకు పోయేవాళ్లు ఎనిమిది మంది. ఎదురుగా లారీ వస్తే ఒకసారి బ్రేకు, వెంటనే మలుపులో ఇంకోసారి. క్లచ్ తొక్కి ఉన్నాడు, ఇంజన్ స్లోలో ఉంది. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా ఆవులు. మూడోసారి తొక్కితే పెడలు రాయిలా ఉందట. చేతి బ్రేకు లాగి కొండవైపు గట్టుకు ఒరిపించాడు. హెడ్‌లైటు పగిలింది, ఒకావిడ మోచెయ్యి చీరుకుపోయింది. లోయవైపు తిప్పి ఉంటే ఈ మాటలు రాసే చెయ్యి మాకు వచ్చేది కాదు.

ఆ తర్వాత జరిగింది ఆ దెబ్బ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. రోడ్డు మీద ఆగిన కారువాళ్లు, "అడవిలో ఉండేవాళ్లకి బండ్లెందుకు, బ్రేకు తొక్కడం కూడా రాదు" అన్నారు. షెడ్డులో కూడా డ్రైవరుదే తప్పన్నారు. ఒకసారి షూలు మార్చారు, ఒకసారి మాస్టర్ సిలిండర్ మార్చారు, చివరికి బూస్టర్ డబ్బానే మార్చారు. మూడుసార్లు డబ్బు పోయింది. పెడలు రాయిలాగే ఉంది. వాడు జీపు అమ్మేస్తానన్నాడు. అమ్మితే కొన్నవాడికీ అదే గతి కదా.

మా దగ్గర అయిదో తరగతి దాకా చదివిన ఒక కుర్రాడు ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు పూర్తిచేసి పట్నంలో పనిచేస్తున్నాడు. పండగకు ఊరొచ్చినప్పుడు చెప్పాం. వాడు బ్రేకుల వైపు చూడనేలేదు. మానిఫోల్డ్‌కు గేజీ తగిలించాడు. ముల్లు 8 అంగుళాల దగ్గర వణుకుతోంది. గొట్టాలన్నీ తడిమి చూశాడు, ఎక్కడా గాలి లీకు లేదు. టైమింగ్ చూశాడు, బాగానే ఉంది. పైమూత విప్పి క్యామ్ చూపించాడు. తర్వాత పట్నం నుంచి కంపెనీ క్యామ్ తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకదాని ముక్కు సన్నం, ఒకదాని ముక్కు బొద్దు. పిల్లలకు కూడా తేడా తెలిసిపోయింది.

మా అయ్య అప్పుడు అరుగు మీద కూచుని ఉన్నాడు. ఆయనకు అక్షరాలు రావు. మా పాత విద్యార్థి, "తాతా, ఈ నోరు మూసుకునే లోపే కింద పిస్టన్ నొక్కేస్తాదన్నమాట" అని చెప్పగానే అయ్య నవ్వాడు. "తిత్తి నోరు మూయకుండా నొక్కితే గాలి కొలిమిలోకెందుకెల్తాదిరా? నీ మొకం మీదకే వచ్చేస్తాది" అన్నాడు. ఇంకాస్త ఆగి, "బేగి బేగి ఊదినప్పుడు అంత తెలీదు గానీ, నెమ్మదిగా ఊదినప్పుడే బాగా తెలుస్తాది" అన్నాడు. మేము పుస్తకం నుంచి ఒక పేజీ నిండా చెప్పేది ఆయన రెండు మాటల్లో చెప్పాడు. రేసింగ్ క్యామ్ వేగంలో బాగుండి స్లోలో ఎందుకు చెడుతుందో అదే కదా.

కంపెనీ క్యామ్ వేశాక ముల్లు 16 అంగుళాల దగ్గర కదలకుండా నిలబడింది. పెడలు మెత్తబడింది. 16 అంటే తక్కువ కదా అని మా మేనల్లుడు అడిగాడు. ఇక్కడ ఇంకో పాఠం ఉంది. పాడేరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ప్రతి 300 మీటర్లకు గేజీలో సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖలో 19 చూపే ఇంజన్ పాడేరులో 16 చూపిస్తే అది ఆరోగ్యమే. కానీ విశాఖలో 11 చూపే రేసింగ్ క్యామ్ బండి ఇక్కడికి వచ్చేసరికి 8 అవుతుంది. కింద మైదానంలో ఎలాగో నెట్టుకొచ్చిన బండి మన పాడేరులో, అరకులో, లంబసింగిలో మొరాయించడం అందుకే. కొండ మీద ఉండేవాళ్లకు మైదానం లెక్క సరిపోదు.

ఘాట్ దిగేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. గేరులో ఉండి, ఎక్స్‌లేటర్ వదిలేసి దిగుతుంటే చక్రాలే ఇంజన్‌ను వేగంగా తిప్పుతాయి. థ్రాటిల్ మూసి ఉంటుంది. అప్పుడు పెద్ద క్యామ్ ఉన్నా సరే వాక్యూమ్ బాగా వస్తుంది, ఇంజన్ కూడా బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే ఇంజన్ స్లోకి పడిపోతుంది. పట్టు పోతుంది, వాక్యూమ్ తగ్గుతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బూస్టర్‌లో ఒక వన్‌వే వాల్వు ఉంటుంది కాబట్టి నిలవ ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు సాయం చేస్తుంది. తర్వాత తొక్కేది మన కాలి బలంతోనే. మా మేనల్లుడికి మూడో తొక్కుడు రాయిలా తగిలింది అందుకే. వాడి చేతకానితనం అందులో లేదు.

పెట్రోలు ఖర్చు సంగతీ ఉంది. పాత కార్బొరేటర్లు కొన్నింటిలో, బరువు లాగేటప్పుడు అదనపు పెట్రోలు వదిలే వాల్వు ఒకటి ఉంటుంది. దాన్ని మూసి ఉంచేది వాక్యూమే. వాక్యూమ్ తక్కువైతే స్లోలో కూడా అది తెరుచుకుంటుంది. నల్లపొగ, పెట్రోలు వాసన, ప్లగ్గులకు మసి. సెన్సర్లున్న బండ్లలో కొన్ని మానిఫోల్డ్ ఒత్తిడిని చూసే పెట్రోలు కొలుస్తాయి. తక్కువ వాక్యూమ్ చూసి బండి బరువు లాగుతోందని కంప్యూటరు అనుకుంటుంది, అక్కర్లేని పెట్రోలు పోస్తుంది.

ఇంత నష్టం పెట్టుకుని మన రోడ్డు మీద లాభమేమన్నా ఉందా? వెడల్పు క్యామ్ బలాన్ని పైవేగాల వైపు జరుపుతుంది. కింది వేగాల్లో ఇంజన్ ఈడ్పు తగ్గుతుంది. ఎనిమిది మందిని, రెండు బస్తాల కాఫీ గింజలను, మిరియాల మూటను ఎక్కించుకుని రెండో గేరులో ఘాట్ ఎక్కే జీపుకు కావాల్సింది సరిగ్గా ఆ కింది వేగాల ఈడ్పే. రేసు మైదానంలో పనికొచ్చేది మన కొండ ఎక్కడానికి పనికిరాదు. ఈ రెండూ ఒకే ఇంజన్‌లో కావాలనుకున్న జపాన్ ఇంజనీర్లు వేరే దారి వెతికారు. 1989లో హోండా కంపెనీ వీటెక్ అనే పద్ధతి తెచ్చింది. ఒకే షాఫ్ట్ మీద తక్కువ వేగానికి ఒక గుడ్డు, ఎక్కువ వేగానికి ఇంకో గుడ్డు. ఆయిలు ఒత్తిడితో ఒకదాని నుంచి మరోదానికి మారుతుంది. స్లోలో చక్కగా ఊపిరి పీలుస్తుంది, వేగంలో నిండుగా పీలుస్తుంది.

ఇప్పటికే అలాంటి క్యామ్ ఉన్న బండి చేతికొస్తే ఏం చెయ్యాలి? మనుషులను ఎక్కించుకునే బండి అయితే కంపెనీ క్యామ్ వేయించడమే మంచిది. అంత డబ్బు లేకపోతే కరెంటుతో నడిచే వాక్యూమ్ పంపు పెట్టించవచ్చు, అది ఇంజన్ పీల్పుతో పని లేకుండా బూస్టర్‌కు వాక్యూమ్ ఇస్తుంది. అదనపు ట్యాంకు పెడితే చాలని కొందరంటారు. ట్యాంకు నిలవ ఉంచుతుందే గాని కొత్తగా పుట్టించదు. 8 అంగుళాలు వచ్చే ఇంజన్‌కు ట్యాంకు పెడితే 8 అంగుళాలే నిలవ ఉంటుంది. కొత్తగా క్యామ్ వేయించుకోవాలనే సరదా ఉన్నవాళ్లు ఓవర్‌ల్యాప్ తక్కువున్న చిన్నది అడగాలి, వేయించాక స్లోలో ఎన్ని అంగుళాలు ఉందో గేజీ పెట్టించి చూడాలి.

డీజిల్ జీపులు తోలే తమ్ముళ్లకు ఒక మాట. డీజిల్ ఇంజన్‌లో సాధారణంగా పెట్రోలు ఇంజన్‌లా గాలిని ఆపే థ్రాటిల్ ఉండదు కాబట్టి మానిఫోల్డ్‌లో వాక్యూమ్ రాదు. అందుకే బ్రేకు కోసం వేరే పంపు పెడతారు. మన దగ్గర తిరిగే చాలా జీపుల్లో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆ బెల్టు తెగితే చార్జింగుతో పాటు బ్రేకు సాయం కూడా పోతుంది. బ్యాటరీ లైటు వెలిగితే ఇంటికెళ్లి చూద్దాంలే అనుకోవద్దు. మోటారు సైకిళ్ల బ్రేకులకు వాక్యూమ్‌తో పని లేదు. పాత టూ స్ట్రోకు బండ్లకైతే క్యామ్ షాఫ్టే ఉండదు, వాటి సిలిండర్ గోడలోని రంధ్రాలను పిస్టనే తెరిచి మూస్తుంది.

పెట్రోలు బండి అయినా డీజిల్ బండి అయినా, ఘాట్ దిగే ముందు ఒక నిమిషం పరీక్ష ఉంది. ఖర్చు లేదు. ఇంజన్ ఆపి బ్రేకు పెడలును నాలుగైదు సార్లు తొక్కాలి. నిలవ వాక్యూమ్ అయిపోయి పెడలు గట్టిపడుతుంది. అలా తొక్కిపట్టే ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి. పెడలు కాలి కింద కొంచెం దిగితే బూస్టర్‌కు వాక్యూమ్ అందుతోందన్నమాట. దిగకపోతే ఆ బండితో ఘాట్ దిగకూడదు. ఎంత తొందరున్నా, సంత ఆలస్యమైనా.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. గాలి ఒత్తిడి పాఠం చెప్పేటప్పుడు సూది లేని సిరంజి ఒకటి తెచ్చుకోండి. పిల్లవాడి చేత దాని మూతిని వేలితో మూయించి పిడిని వెనక్కి లాగించండి. లాగడం కష్టమవుతుంది, వదిలితే పిడి తనంతట తానే వెనక్కి పోతుంది. అది వాక్యూమ్. వేలిని కొంచెం వదులు చేయించండి, అది థ్రాటిల్. తర్వాత సిరంజి గోడకు చిన్న రంధ్రం పెట్టి లాగించండి. ఎంత లాగినా బిగుసుకోదు. తెరిచి ఉండకూడని నోరు తెరిచి ఉంటే ఏమవుతుందో పిల్లల వేలికే తెలుస్తుంది. మీ ఊళ్లో ఇంకా కొలిమి ఉంటే పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి. తిత్తి ఊదే పెద్దాయనను మాట్లాడించండి. ఆయన చేతిలో ఉన్నది పాఠ్యపుస్తకంలో ఉన్నదేనని పిల్లలకూ తెలియాలి, ఆయనకూ తెలియాలి.

షెడ్లలో పనిచేసే మన పిల్లలు పానాలు అందించడంతో ఆగిపోకూడదని మా కోరిక. గేజీ పెట్టడం నేర్చుకోండి. ముల్లు ఎందుకు వణుకుతుందో అడగండి. చెప్పనంటే ఇంకొకరిని అడగండి. "నీకు తొక్కడం రాదు" అని ఎవరన్నా అంటే, "నా బండి స్లోలో ఎన్ని అంగుళాలు చూపిస్తుందో చూద్దాం రండి" అని అనగలగాలి. మా మేనల్లుడు ఇప్పుడు అలాగే అంటున్నాడు. వాడి జీపు గుడగుడమనడం మానేసింది. ఊరి పిల్లలు చుట్టూ చేరడం కొంచెం తగ్గింది గాని, సంతకు పోయే ఆడవాళ్లు వాడి జీపు వచ్చేదాకా ఆగి మరీ ఎక్కుతున్నారు.